దుబాసీ లేని ఫిర్యాదు

నౌపడ జంక్షన్‌లో రైలు దిగితే ఒక పక్క గుణుపూర్ లైను, ఇంకో పక్క ఉప్పు మడులు. ఆ మడుల్లో ఎండకి మాడుతూ తట్టలు మోసే ఆడవాళ్లు కనిపిస్తారు. పలాస వెళితే జీడి ఫ్యాక్టరీల్లో పప్పు ఒలిచేది ఆడవాళ్లే. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో మగాడు మంచం పడితే అతని బదులు కూలికెళ్లేదీ ఆడమనిషే. ఇంత బరువు మోసే మనిషి తనకో కష్టమొచ్చి పోలీస్ స్టేషన్ మెట్లెక్కితే, అక్కడ కుర్చీలో కూచున్నది చాలాచోట్ల మగాడే. మేం మాట్లాడదలుచుకున్నది ఆ కుర్చీ గురించే.

కొన్నేళ్ల కిందట ఈ వైపున్న ఒక స్టేషన్‌కి మా బంధువులావిడ వెంట వెళ్లాం. అత్తింటివాళ్లు ఆవిడను కొట్టి బయటికి గెంటేశారు. ఆవిడకి ఇంట్లో మాట్లాడే ఉర్దూయే మాట. తెలుగు బజారులో బేరమాడేంత వరకే వచ్చు. రాసుకునే ఆయనకి ఉర్దూ రాదు. ఉన్న ఒక్క ఆడ కానిస్టేబుల్‌నీ ఆవేళ ఏదో బందోబస్తుకి పంపేశారు. "మీరు పేపర్లో పనిచేస్తారు కదా, మీరే చెప్పండి సార్" అన్నారు. అలా మేం దుబాసీలమయ్యాం. ఆవిడ మాకు చెప్పింది. మేం ఆయనకి చెప్పాం. ఆయన కాగితం మీద పెట్టాడు. ఆవిడ నోటికీ కాగితానికీ మధ్య ఉన్నదంతా మగాళ్లమే. "భాయ్, ఔర్ ఏక్ బాత్ హై" అని మొదలుపెట్టి, మా మొహం చూసి, "జానే దో" అని తల దించుకుంది.

ఆ 'జానే దో' ఏ ఎఫ్ఐఆర్‌లోనూ ఎక్కలేదు. అసలు ఫిర్యాదు అదేనని మాకు తర్వాత మా ఇంటి ఆడవాళ్లు చెప్పారు.

చట్టం లేదా? ఉంది. లైంగిక హింస జరిగిందని స్త్రీ చెబితే ఆ సమాచారాన్ని స్త్రీ అధికారే నమోదు చేయాలని 2013లో చట్టాన్ని సవరించారు. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడా అదే అంటోంది. స్టేషన్‌లో స్త్రీ అధికారి ఉంటుందని చట్టం ముందే అనుకుని రాసేసింది. ఆమె లేని చోట చట్టం కాగితమైపోతుంది. వచ్చిన మనిషి "రేపు రామ్మా" అనిపించుకుని తిరిగిపోతుంది.

ముస్లింలకి ఈ మాట కొత్త కాదు. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్ పేరు దేశమంతా వినబడింది. రమీజాబీ మీద పోలీసులు అత్యాచారం చేశారనీ, ఆమె భర్త, రిక్షా కార్మికుడు అహ్మద్ హుస్సేన్ వాళ్ల దెబ్బలకే చనిపోయాడనీ నగరం భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. కేసు రాష్ట్రం దాటి రాయచూరు వెళ్లింది. 1981లో నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు. ఈలోగా అందరూ విచారించింది ఎవర్ని? రమీజాబీ నడవడిని! పేదది, ముస్లిం, ఆడది. ఈ మూడూ కలిస్తే ఫిర్యాదుదారే ముద్దాయి అవుతుంది.

ఆదివాసీకైనా అంతే. 2007 ఆగస్టులో విశాఖ మన్యం వాకపల్లిలో 11 మంది కోదు స్త్రీలు గ్రేహౌండ్స్ పోలీసుల మీద అత్యాచారం ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో కోర్టు దర్యాప్తు అధికారుల వైఫల్యాన్ని ఎత్తిచూపింది, స్త్రీలకు పరిహారం ఇమ్మంది, నిందితులను వదిలేసింది. పదహారేళ్లు ఆగితే వాళ్లకి దక్కిన న్యాయం అది.

ఇక్కడ మా లౌకికవాద మిత్రులు అడ్డొస్తారు. "ఆడపోలీసు మాత్రం కొట్టదా? ఖాకీకి ఆడా మగా ఏమిటి?" అంటారు. కొడుతుంది. మాకు తెలుసు. నౌపడ పక్కనే కాకరాపల్లి ఉంది. తంపర భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దని జనం ఎదురుతిరిగితే 2011 ఫిబ్రవరి 28న కాల్పులు జరిగాయి. ప్రాణాలు పోయాయి. అంతకు ముందు ఏడాది జూలై 14న సోంపేట బీల కోసం ఇద్దరు చనిపోయారు. రెండు చోట్లా ముందు వరసలో నిలబడింది ఆడవాళ్లే. ఇలాంటి చోట ఆడపోలీసుని ఎందుకు పిలుస్తారు? ముందు వరసలో ఉన్న ఆడవాళ్లని పట్టి ఈడ్వడానికి. ఈడ్చమని చెప్పే గొంతు ఆమెది కాదు. ఈడ్చొద్దని చెప్పే అధికారమూ ఆమెకి లేదు. అందుకే మేం అడుగుతున్నది ఖాకీ కట్టిన ఆడవాళ్ల తలల లెక్క కాదు. ఉత్తర్వు రాసే కలం, దర్యాప్తు ఫైలు, స్టేషన్ తాళం వాళ్ల చేతికి రావాలంటున్నాం. రేపు ఆ అధికారంతో ఆమె తప్పు చేస్తే ఆమెనీ నిలదీస్తాం.

తలల లెక్క ఎలా మోసం చేస్తుందో చూడండి. 2025 ఇండియా జస్టిస్ రిపోర్టు ప్రకారం దేశంలో పోలీసు శాఖలో ఉన్న స్త్రీలు సుమారు 2.4 లక్షలు. అందులో దాదాపు 2.17 లక్షల మంది కానిస్టేబుల్ స్థాయిలోనే ఉన్నారు. ఐపీఎస్ హోదాలో ఉన్నది 960 మంది. నూటికి తొంభై మంది నిలబడి ఉండేవాళ్లే, కూచునేవాళ్లు కారు. 1948లో పుట్టిన జాతీయ పోలీస్ అకాడమీకి ఒక మహిళ డైరెక్టర్ కావడానికి 2014 దాకా పట్టింది. ఆమె మన ఆంధ్రప్రదేశ్ క్యాడర్ అధికారి అరుణా బహుగుణ. శ్రీకాకుళం జిల్లాకీ ఎవరెస్టు ఎక్కిన జి.ఆర్. రాధిక ఎస్పీగా వచ్చి పనిచేశారు. సంతోషమే. కానీ జిల్లా కేంద్రంలో ఒక ఎస్పీ ఉన్నంత మాత్రాన సంతబొమ్మాళి నుంచి వచ్చే ఆడమనిషి గోడు తీరదు. ఆమెకి కనబడేది ఎస్సై, సీఐ. అక్కడ కావాలి ఆడమనిషి.

మరి ప్రభుత్వం ఏం చేసింది? 2019లో గ్రామ, వార్డు సచివాలయాల్లో మహిళా సంరక్షణ కార్యదర్శులను పెట్టింది. 2021 జూన్‌లో జీవో 59తో వాళ్లనే మహిళా పోలీసులంది. పోలీసు నియామక పద్ధతి లేకుండా పోలీసులెలా అవుతారని ఆ జీవో హైకోర్టుకెక్కింది. నష్టపోయిందెవరు? చదువుకుని ఉద్యోగానికొచ్చిన అమ్మాయిలే. పోలీసు పేరుంది, పోలీసు అధికారం లేదు. ఇంకోపక్క 2022 నవంబరు కానిస్టేబుల్ నోటిఫికేషన్ చూడండి. 6,100 పోస్టుల్లో ఏపీఎస్పీ పోస్టులు 2,520. అవి పూర్తిగా మగవాళ్లకే. పేరు పంచేటప్పుడు ఆడవాళ్లు గుర్తొస్తారు, ఉద్యోగం పంచేటప్పుడు గుర్తురారు.

ఇక మన ఇంటి సంగతి. ఒకరిని వేలెత్తి చూపేటప్పుడు మన గడప మీదా చూపు పడాలి. కాగితం మీద మా అమ్మాయికి రెండు తలుపులు తెరిచి ఉన్నాయి. బీసీ-ఇ కింద 4 శాతం, స్త్రీలకి మూడో వంతు. కానీ పొద్దున్నే మైదానంలో పరుగు ప్రాక్టీసుకి పంపమంటే అబ్బాజాన్ ఒప్పుకోడు. "పోలీసైతే పెళ్లెవరు చేసుకుంటారు?" అంటుంది అమ్మీజాన్. మజహబ్ ఒప్పుకోదంటారు పెద్దలు. ఏ మజహబ్? ఖలీఫా ఉమర్ మదీనా బజారు మీద నిఘా బాధ్యతను షిఫా బింత్ అబ్దుల్లా అనే స్త్రీకి అప్పగించారని పాత గ్రంథాల్లోనే ఉంది. తూకాల్లో మోసం పట్టుకోవడం పోలీసు పని కాదా? దుపట్టా అడ్డమంటారా, సిక్కు సోదరుడు తలపాగాతోనే మన పోలీసులో ఉన్నాడు. స్కాట్లాండ్ పోలీసులు 2016లో హిజాబ్‌ని యూనిఫాంలో ఒక ఐచ్ఛిక భాగం చేశారు. కప్పుకోవడమా మానడమా అన్నది ఆ పిల్ల ఇష్టం. ఆ సాకుతో ఇంటివాళ్లు గానీ శాఖవాళ్లు గానీ తలుపు మూయకూడదు.

ఇంకో మాట. దేశం మొత్తం మీద ఐపీఎస్‌లో ముస్లింలు 4 శాతమేనని 2006లో సచార్ కమిటీ చెప్పింది. పోలీసుల్లో ముస్లింలెందరో జాతీయ నేర గణాంకాల సంస్థ 2013 వరకు లెక్క చెప్పేది. తర్వాత ఆపేసింది. ఆడవాళ్ల లెక్క ఇస్తున్నారు. ఆ ఆడవాళ్లలో ముస్లింలెందరంటే జవాబు లేదు. ఆడవాళ్ల పట్టికలో మా అమ్మాయి మతం మాయం, ముస్లింల పట్టికే మాయం. శ్రీకాకుళం జిల్లాలో నూటికి ఒక్కరం కూడా లేం. కొద్దిమందిమి కాబట్టి మమ్మల్ని లెక్కించక్కర్లేదంటారా? కొద్దిమందిమి కాబట్టే లెక్కించమంటున్నాం.

మేం అడిగేది పెద్ద కోరిక కాదు. ప్రతి స్టేషన్‌లో ముగ్గురు స్త్రీ ఎస్సైలు, పది మంది స్త్రీ కానిస్టేబుళ్లు ఉండాలని కేంద్రమే రాష్ట్రాలకు రాసింది. ఆ మాట నిలబెట్టండి. స్టేషన్ అధిపతి పోస్టుల్లో మూడో వంతు ఆడవాళ్లకివ్వండి. అందులో దళిత, ఆదివాసీ, మత్స్యకార, ముస్లిం స్త్రీలెందరో ఏటా లెక్క బయటపెట్టండి. ఏపీఎస్పీ తలుపు తెరవండి. స్టేషన్‌లో వాళ్లకి మరుగుదొడ్డి, పసిబిడ్డ ఉంటే ఒక గది కట్టించండి. రాత్రి డ్యూటీ చేయలేరనే మాట ఆ తర్వాత మాట్లాడదాం.

ఆ రోజు మా బంధువులావిడకి కావలసింది దుబాసీ కాదు. ఎదురుగా కూచుని "బోలో బహెన్" అనగలిగే ఒక ఎస్సై. అలాంటి ఎస్సై మా ఇంట్లోంచి కూడా రావాలి. ఆమెకి మేం అడ్డు నిలబడం. మీరూ అడ్డు తొలగండి.