ఏ కాలం పండు ఆ కాలం జాడీలో

ఇంటికి నలుగురు చుట్టాలొస్తే ఏమిస్తాం? పొద్దున్నయితే కాఫీ. మధ్యాహ్నమయితే మజ్జిగో, నిమ్మరసమో. ఏదైనా వేడుకైతే కొట్లోంచి పెద్ద సీసా కూల్‌డ్రింకు తెప్పించి గ్లాసుల్లో పోసేస్తాం. ఈ మధ్య మన పిల్లలు ఇంకో కొత్త పేరు పట్టుకొచ్చారు. సాంగ్రియా! పెద్ద గాజు జాడీ నిండా ఎర్రటి పానీయం, అందులో తేలుతూ నారింజ చక్రాలు, ఆపిల్ ముక్కలు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ అందులో ఏముందో మన ఆడవాళ్లకి ముందే తెలియాలి. అందుకే ఈ వారం దాని గురించే చెప్పాలనుకున్నాను.

సాంగ్రియా స్పెయిన్, పోర్చుగల్ దేశాలది. ఎర్ర వైన్‌లో పండ్ల ముక్కలు, కాస్త పంచదార వేసి కొన్ని గంటలు నానబెడతారు. కొందరు బ్రాందీ కూడా కలుపుతారు. స్పానిష్ భాషలో ‘సాంగ్రె’ అంటే రక్తం. ఆ రంగును బట్టే ఈ పేరొచ్చిందంటారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో స్పెయిన్ వాళ్లు దీన్ని అమ్మాక అమెరికాలో బాగా వాడుకలోకి వచ్చింది. అమెరికా నుంచి మన పిల్లలతోపాటు మన డాబాల మీదికీ వచ్చింది.

ఇక అసలు సంగతి. మా తమ్ముడు చాలా ఏళ్లు తాగాడు. ఇల్లూ ఒళ్లూ గుల్ల చేసుకున్నాడు. మా మరదలు పడిన పాట్లు ఇక్కడ రాయను, మీలో చాలామందికి చెప్పక్కర్లేదు. చివరికి డాక్టరు దగ్గర చూపించుకుని, పట్టుదలగా మానేశాడు. మానేసి మూడేళ్లు నిండుతుండగా దగ్గరి బంధువుల ఇంట్లో గృహప్రవేశం వచ్చింది. సాయంత్రం డాబా మీద భోజనాలు. ఒక బల్ల మీద పుచ్చకాయ రసం, పక్కనే ఈ సాంగ్రియా జాడీ. రెండూ ఎర్రగానే ఉన్నాయి. ఒక చిన్నపిల్ల గ్లాసు నింపి, ‘తీసుకోండి మామయ్యా, పండ్ల రసమే’ అంటూ మావాడికి అందించింది. పాపం, దానికేం తెలుసు! మా మరదలు చేతిలో విస్తరాకు అలాగే ఉండిపోయింది. తమ్ముడు గ్లాసు ముక్కు దాకా తెచ్చుకున్నాడు. ఒక్క క్షణం ఆగాడు. కింద పెట్టేసి, మెట్లు దిగి వీధిలోకి వెళ్లిపోయాడు. ఆ పూట భోజనం చెయ్యలేదు.

మర్నాడు నాతో ఒక్కటే మాటన్నాడు. ‘అక్కా, వాసన చూడకుండా తాగేసి ఉంటే నా గతేమిటి?’

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. తియ్యగా, పుల్లగా ఉండే రసంలో మత్తు సంగతి నాలుకకి తెలియదు. మామూలు వైన్‌లో నూటికి పన్నెండు పాళ్లు అటూ ఇటూగా ఆల్కహాల్ ఉంటుంది. పంచదార, పండ్ల రసం దాన్ని కప్పేస్తాయి గానీ తీసెయ్యవు. ‘రసం వద్దులే, ముక్కలు తినండి’ అంటారు కొందరు. ఆ ముక్కలు రాత్రంతా నానింది అందులోనే కదా! మరిగిస్తే పోతుందన్నదీ పూర్తి నిజం కాదు, కొంత మిగిలే ఉంటుంది. మానేసినవాళ్లకే కాదు, కడుపుతో ఉన్నవాళ్లకి, పాలిచ్చే తల్లులకి, పిల్లలకి, రోజూ మందులు మింగే పెద్దవాళ్లకి కూడా ఇది తెలియక తాగే వస్తువు కాదు.

అలాగని పిల్లల ముచ్చటని కాదనడం ఎందుకు? వైన్ చుక్క లేకుండానే ఆ రంగు, ఆ వగరు, ఆ ఘుమఘుమ తెప్పించొచ్చు. నాలుగైదుసార్లు పాడుచేసి నేర్చుకున్నాను. కిటుకు ఇదీ. వైన్‌లో ఉండే వగరు టీ డికాషన్ ఇస్తుంది. పులుపు నిమ్మకాయ, రంగు నల్లద్రాక్ష, సువాసన దాల్చినచెక్క ఇస్తాయి. మిగతా పనంతా నానబెట్టడంలోనే ఉంది.

నల్లద్రాక్ష జాడీ (ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా)

కావలసినవి: గింజలున్న నల్లద్రాక్ష 1 కిలో (బెంగళూరు బ్లూ రకం దొరికితే మరీ మంచిది), టీ పొడి 2 చెంచాలు, దాల్చినచెక్క అంగుళం ముక్క, లవంగాలు 3, నారింజ 1, ఆపిల్ 1, నిమ్మకాయ 1, పంచదార 4 చెంచాలు, సోడా 2 గ్లాసులు.

తయారుచేసే విధానం: ద్రాక్షని ఉప్పునీళ్లలో పావుగంట ఉంచి, మంచినీళ్లతో రెండుసార్లు కడగండి. గిన్నెలో అరగ్లాసు నీళ్లతో సన్నని సెగ మీద పది నిమిషాలు ఉడికిస్తే తొక్కలు పగిలి రంగు దిగుతుంది. గరిటెతో మెదిపి, పల్చటి గుడ్డలో వడకట్టండి. గట్టిగా పిండితే గింజల చేదు దిగుతుంది, జాగ్రత్త. వేరే గిన్నెలో గ్లాసు నీళ్లు దాల్చినచెక్క, లవంగాలతో మరిగించి, దింపాక టీ పొడి వేసి మూడు నిమిషాలకే వడకట్టండి. ఎక్కువసేపు ఉంచితే చేదెక్కుతుంది. ఈ డికాషన్‌లో పంచదార కరిగించి, చల్లారాక ద్రాక్షరసంలో కలపండి. నిమ్మరసం పిండి, ఆపిల్ ముక్కలు, తొక్కతోనే చక్రాలుగా కోసిన నారింజ వేసి ఫ్రిజ్‌లో నాలుగు గంటలుంచండి. ఆ తర్వాత నారింజ చక్రాలు తీసెయ్యాలి, లేకపోతే తొక్క చేదు దిగుతుంది. సోడా మాత్రం ఇచ్చే ముందే కలపాలి. ఆరుగురికి సరిపోతుంది.

ముంజలు, పుచ్చకాయ (మే నెల)

ద్రాక్ష అయిపోయిందని దిగులక్కర్లేదు. పుచ్చకాయ రసం నాలుగు గ్లాసులు తియ్యండి. ఒక పచ్చిమామిడికాయని ఉడికించి, ఆ గుజ్జు రెండు చెంచాలు కలపండి. ఆరు లేత ముంజల పైపొర తీసి ముక్కలుగా కోసి వెయ్యండి. నానబెట్టిన సబ్జా గింజలు, నాలుగు పుదీనా ఆకులు, చిటికెడు ఉప్పు. పంచదార అవసరమే లేదు. పుచ్చకాయ రసం తొందరగా పాడవుతుంది కాబట్టి పొద్దున తీసింది సాయంత్రానికి ఉంచకండి. రెండు మూడు గంటల్లో అయిపోవాలి.

నేరేడు, అనాస (వానాకాలం)

నన్నడిగితే వగరులో వైన్‌కి దీటైన పండు మన నేరేడే. దీనికి టీ డికాషన్ కూడా అక్కర్లేదు. బాగా పండిన నేరేడు పళ్లు అరకిలో కడిగి, రెండు గ్లాసుల నీళ్లలో చేత్తో పిసికి గింజలు తీసెయ్యండి. వడకట్టి, పంచదార ఐదు చెంచాలు, నల్లుప్పు పావు చెంచా, నిమ్మరసం, అల్లం రసం అర చెంచా కలపండి. సీతంపేట అనాసకాయలు అమ్మకానికొచ్చే రోజులివి. ఒక కప్పు అనాస ముక్కల్ని అర గ్లాసు నీళ్లలో ఐదు నిమిషాలు ఉడికించి, చల్లార్చి, ఆ నీళ్లతో సహా అందులో వెయ్యండి. రెండు గంటలు నానితే చాలు. మంచి చీర కట్టుకుని మాత్రం ఈ పని పెట్టుకోకండి. నేరేడు మరక ఒక పట్టాన పోదు!

దానిమ్మ, బత్తాయి (దసరా రోజులు)

నల్గొండ బత్తాయి చవగ్గా వచ్చే కాలం. కానీ ఒక చిక్కుంది. బత్తాయి రసం తీసి ఉంచితే చేదెక్కుతుంది. ఇది తెలియక నేను బొమ్మల కొలువు పేరంటానికి పొద్దున్నే తీసి పెట్టి, సాయంత్రానికి మొత్తం పారబోశాను. అందుకే రసానికి దానిమ్మ వాడండి. రెండు పెద్ద దానిమ్మకాయల గింజలు మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి వడకట్టి, గ్లాసు టీ డికాషన్, మూడు చెంచాల పంచదార కలపండి. బత్తాయి తొనలు తెల్లపొర, గింజలు పూర్తిగా వలిచి, వడ్డించే ముందు వెయ్యండి.

ఎర్ర గోంగూర కాయలు, జామ (చలికాలం)

గోంగూర పువ్వు రాలాక కాయ చుట్టూ ఎర్రని దళసరి రేకులుంటాయి చూడండి. పల్లెల్లో వాటితో పచ్చడి చేస్తారు. అవి ఒక కప్పు తీసుకుని, లోపలి పచ్చకాయ తీసేసి, ఐదు గ్లాసుల నీళ్లలో పది నిమిషాలు మరిగించండి. కెంపులాంటి రంగు దిగుతుంది. వడకట్టి 100 గ్రాముల బెల్లం, చిన్న అల్లం ముక్క, దాల్చినచెక్క, ఆరు మిరియాలు వేసి మరో ఐదు నిమిషాలు మరిగించి మళ్లీ వడకట్టండి. దోరజామ ముక్కలు, కమలా తొనలు వేసి గంటసేపు ఉంచి, కాస్త వేడిచేసి ఇవ్వండి. పులుపు ఇందులోనే ఉంది, నిమ్మకాయ అక్కర్లేదు.

మరచిపోకూడని నాలుగు మాటలు

ఒకటి. ఈ రసాల్ని బయట నిలవ ఉంచకండి. ఒక ఏప్రిల్‌లో ద్రాక్షరసం సీసాకి మూత బిగించి, వంటింటి గట్టు మీద రెండు రోజులు మరచిపోయాను. తీయబోతే టప్పున మూత ఎగిరి, నురగ గోడంతా కొట్టింది. ఒకటే కల్లు వాసన! పొద్దున తియ్యగా ఉన్న నీరా ఎండెక్కేసరికి కల్లు అవుతుంది చూడండి, ఇదీ అంతే. పళ్ల మీద, గాలిలో ఉండే ఈస్ట్ పంచదారని తిని ఆల్కహాల్‌గా, గ్యాసుగా మారుస్తుంది. ఆ గ్యాసుకి గాజు సీసా పగిలినా పగలొచ్చు. మత్తు లేని పానీయం చేస్తున్నామనుకుని మనమే మత్తు తయారు చేసినట్టవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టినా మర్నాటికల్లా వాడేయండి. మిగిలితే ఐసు గడ్డలుగా గడ్డకట్టించుకోండి.

రెండు. షుగరున్నవాళ్లకి పంచదార వెయ్యకపోయినా పండ్ల రసం మంచిది కాదు. రసంగా తాగితే షుగరు తొందరగా పెరుగుతుంది. వాళ్లకి రసం బదులు రెండు జామ ముక్కలివ్వండి.

మూడు. ఐసు కాచి చల్లార్చిన నీళ్లతోనే చెయ్యండి. చిన్నపిల్లలకిచ్చేటప్పుడు లవంగాలు, గింజలు ఏరేయండి.

నాలుగు, అన్నిటికంటే ముఖ్యమైనది. మీ ఇంటి వేడుకలో ఎవరైనా వైన్ కలిపిన జాడీ పెడితే దాన్ని పిల్లలకందని చోట, వేరే బల్ల మీద పెట్టించండి. ‘ఇందులో వైన్ ఉంది’ అని పెద్ద అక్షరాలతో చీటీ అంటించండి. చిన్నతనమనుకోకండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణానికి ఎదురు నిలిచినప్పుడు నేను బళ్లో చదువుకుంటున్నాను. వాళ్లంతటి పని మనం చెయ్యలేకపోవచ్చు. ఒక చీటీ అంటించలేమా?

మా తమ్ముడి సంగతి మిగిలింది కదూ. ఈ ద్రాక్ష జాడీ మొదటిసారి చేసినప్పుడు నేరుగా వాడి ముందు పెట్టలేదు. చూస్తే పాత కోరిక లేస్తుందేమోనని భయం. అందుకే ముందే ఫోన్ చేసి అడిగాను. ‘ఇలా చేద్దామనుకుంటున్నానురా, నీకు ఇబ్బందయితే మానేస్తాను.’ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘చెయ్యక్కా. కానీ నాకు ఆ కాడ గ్లాసులో పొయ్యకు. మన స్టీలు గ్లాసులో పొయ్యి’ అన్నాడు.

మానేసిన వాళ్లందరికీ ఇది సరిపడుతుందని చెప్పను. ఆ రంగు, వాసన కూడా పడనివాళ్లుంటారు. వాళ్లకి మజ్జిగే ఇవ్వండి. ముందు అడగడం ముఖ్యం.

ఆ ఆదివారం మావాళ్లొచ్చారు. ద్రాక్ష దగ్గర్నుంచి అన్నీ మా మరదలి చేతే వేయించాను. తనే కలిపింది, తనే రుచి చూసింది. స్టీలు గ్లాసులో పోసి ఆయనకి తనే ఇచ్చింది. వాడు ఈసారి వాసన చూడలేదు. గటగటా తాగేసి, ‘ఇంకొంచెం ఉందా?’ అన్నాడు. మా మరదలు జాడీ అందుకునే వంకతో అటు తిరిగి కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు మా ఇంట్లో ఏ పండు కాలమొచ్చినా మొదటి జాడీకి మా తమ్ముడి కుటుంబం రావాల్సిందే. మీరూ చేసి చూడండి. మీ ఊళ్లో దొరికే పండుతో చేస్తే ఎలా కుదిరిందో నాకు రాయండి. ఉంటాను మరి!