ముప్పై మాక్‌లు రాశాను... స్కోరు కదల్లేదు!

ఆదివారం పొద్దున్నే మాక్ టెస్ట్ రాస్తారు. సబ్మిట్ నొక్కేటప్పుడు గుండె దడదడ. స్కోరు చూస్తే పోయిన వారం కంటే రెండు మార్కులు తక్కువ. తప్పుపోయిన వాటిలో రెండు మూడింటికి సొల్యూషన్ చూస్తారు. ‘ఓహ్, ఇంతేనా’ అనుకుని మూసేస్తారు. సాయంత్రానికి ఒక గట్టి నిర్ణయం: ‘ఈ వారం ఇంకో రెండు మాక్‌లు ఎక్కువ రాయాలి!’

క్యాట్‌కు ప్రిపేర్ అవుతున్నవాళ్లకు ఇలాంటి ఆదివారం కొత్తేమీ కాదు. నాకూ కాదు. ఇంజినీరింగ్ అయ్యాక అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ, ఉద్యోగం చేసుకుంటూ మొదటి ఏడాది 30 మాక్‌లు రాశాను. మొదటిదాంట్లో ఎంత వచ్చిందో ముప్పయ్యోదాంట్లోనూ ఇంచుమించు అంతే. ఆ టెస్ట్ సిరీస్‌కు డబ్బు కట్టింది నాన్న. ‘చదువు ఎంతవరకు వచ్చిందిరా?’ అని ఆయన ఫోన్లో అడిగితే స్కోరు చెప్పే ధైర్యం లేక, ‘ఇప్పటికి 30 టెస్టులు రాశాను నాన్నా’ అనేవాణ్ణి. ఆయన సంతోషపడేవారు. ఆ అంకె చూసుకుని నేనూ సంతోషపడేవాణ్ణి. తప్పంతా అక్కడే జరిగింది.

మాక్ రాయడం చదవడం కాదు, కొలుచుకోవడం. జ్వరం వచ్చినవాడు రోజుకు పదిసార్లు థర్మామీటర్ పెట్టుకుంటే జ్వరం తగ్గుతుందా? మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, టెస్ట్ ఫెయిలయ్యాక కోడ్‌లో ఒక్క లైను కూడా మార్చకుండా మళ్లీ రన్ నొక్కితే మళ్లీ ఫెయిలే. ఆఫీసులో ఎవరైనా ఆ పని చేస్తే నవ్వుతాం. మాక్‌ల దగ్గరకొచ్చేసరికి మాత్రం దాన్నే కష్టపడటం అనుకుంటాం.

కొత్తగా ఏమీ నేర్చుకోకుండానే నాలుగు మార్కులు

2024 క్యాట్‌లో 68 ప్రశ్నలు ఇచ్చారు. వెర్బల్‌లో 24, డేటా ఇంటర్‌ప్రిటేషన్-లాజికల్ రీజనింగ్‌లో 22, క్వాంట్‌లో 22. ఒక్కో సెక్షన్‌కు 40 నిమిషాలే. ఒకదాంట్లో టైమ్ మిగిలినా ఇంకోదాంట్లోకి వెళ్లలేరు. సరైన జవాబుకు 3 మార్కులు, ఆప్షన్లున్న ప్రశ్న తప్పయితే ఒక మార్కు కోత.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. క్వాంట్‌లో మీరు ఆప్షన్లున్న 15 ప్రశ్నలు చేశారు. 9 ఒప్పు, 6 తప్పు. అంటే 27లోంచి 6 పోయి 21 మార్కులు. అదే పేపర్లో ఆ తప్పుల్లో నాలుగింటిని ముట్టుకోకుండా వదిలేసి ఉంటే? 9 ఒప్పు, 2 తప్పు. 25 మార్కులు. ఒక్క ఫార్ములా కూడా కొత్తగా నేర్చుకోలేదు, నాలుగు మార్కులు పెరిగాయి. పైగా ఆ నాలుగు ప్రశ్నల మీద పోసిన టైమ్ కూడా మిగిలింది. ఏది వదలాలో తెలియడం కూడా సిలబస్సే. అది పుస్తకంలో దొరకదు. మీరు రాసేసిన మాక్‌లోనే దొరుకుతుంది.

ప్రతి తప్పుకూ ఒక కారణం

రెండో ఏడాది నేను చేసింది పెద్ద విషయమేం కాదు. ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. మాక్ రాసిన ప్రతిసారీ తప్పుపోయిన, వదిలేసిన ప్రశ్నలన్నిటినీ నాలుగు రకాలుగా విడదీసేవాణ్ణి.

ఒకటి, కాన్సెప్టే తెలియనివి. రెండు, తెలిసి కూడా తొందరలో పోగొట్టుకున్నవి. మూడు, చేయగలిగేవే, కానీ వాటి దగ్గరకు వెళ్లేలోపు టైమ్ అయిపోయినవి. నాలుగు, అసలు ముట్టుకోకూడనివి, పంతానికి పోయి చేసినవి.

నాలుగు మాక్‌లకు ఇలా రాసేసరికి నా జబ్బు ఏమిటో బయటపడింది. ‘నాకు బేసిక్స్ రావు’ అని ఏడాదంతా బాధపడ్డానా? తీరా చూస్తే మొదటి రకం తప్పులు తక్కువే. నా మార్కులు తినేస్తున్నవి మూడో రకం, నాలుగో రకం. బేసిక్స్ పుస్తకం మళ్లీ మొదటినుంచి చదివినా అవి తగ్గేవి కావు. మీ జబ్బు వేరే కావచ్చు. కానీ అదేమిటో రాసుకుంటేనే తెలుస్తుంది.

ఇంకో మాట. సొల్యూషన్ చదివితే అర్థమైనట్టే ఉంటుంది. పక్కవాడు ఈత కొడుతుంటే గట్టు మీద కూర్చుని చూసినట్టన్నమాట. తప్పయిన ప్రశ్నను ముందు సొల్యూషన్ చూడకుండా, టైమర్ పెట్టుకోకుండా మీరే ఇంకోసారి ప్రయత్నించండి. అయినా రాకపోతే అప్పుడు చూడండి. మూడు రోజుల తర్వాత అదే ప్రశ్నను ఖాళీ కాగితం మీద చేయండి. అప్పుడు వస్తే వచ్చినట్టు.

సెక్షన్‌కో రోగం, సెక్షన్‌కో మందు

క్వాంట్‌లో మన ఇంజినీర్ల సమస్య చదువు కాదు, అహం. ‘బీటెక్‌లో ఎం-1, ఎం-2 గట్టెక్కినవాళ్లం, శాతాలు, నిష్పత్తులు మనకో లెక్కా’ అనుకుంటాం. క్యాట్‌లో అడిగేది ఇంటిగ్రేషన్ కాదు, ఆ శాతాలూ నిష్పత్తులే, కాలం-దూరం లెక్కలే. మొదలుపెట్టిన లెక్కను వదిలేయడం మనకు ఓటమిలా అనిపిస్తుంది. 22 ప్రశ్నలకు 40 నిమిషాలంటే ఒక్కోదానికి రెండు నిమిషాలు కూడా రావు. ఆరు నిమిషాలు పెట్టి గెలిచిన లెక్క, మూడు తేలిక లెక్కల్ని మింగేసి ఉంటుంది.

రీజనింగ్‌లో సెట్ల ఎంపికే సగం పరీక్ష. 2024లో ఐదు సెట్లు వచ్చాయి. ముందు నాలుగైదు నిమిషాలు అన్నీ ఓసారి చూసి, ఏ రెండు మూడు చేయాలో తేల్చుకోవడం అలవాటు చేసుకోండి. మాక్ అయ్యాక వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న ‘ఎన్ని చేశాను’ కాదు, ‘సరైన సెట్లు ఎంచుకున్నానా?’ మిగిలిన సెట్లను టైమర్ లేకుండా పూర్తిచేస్తే, మీరు వదిలేసినవాటిలో తేలికది ఏదో తెలిసిపోతుంది.

వెర్బల్ అనగానే పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన నాలాంటివాళ్లకు చెమటలు పడతాయి. 24లో 16 ప్రశ్నలు ప్యాసేజీల మీదే కాబట్టి తప్పించుకునే దారి లేదు. కనిపించిన కష్టమైన పదమల్లా బట్టీ పడితే సరిపోతుందనుకున్నాను. లాభం లేకపోయింది. పనిచేసింది ఇది: తప్పుపోయిన ప్యాసేజీని మళ్లీ తీసి, ఒక్కో పేరా కింద ‘వీడు ఇక్కడ ఏమంటున్నాడు?’ అనేది ఒక్క వాక్యంలో రాయడం. తెలుగులోనే. తెలుగులో ఒక్క వాక్యం రాయలేకపోతే ఆ పేరా నాకు ఇంగ్లిష్‌లో కూడా అర్థం కానట్టే. తెలుగు మీడియం లోటు అనుకున్నదే అక్కడ నాకు పనిముట్టయింది.

గుడ్డిగా కొట్టొచ్చా?

నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని ఒకటి పెడితే, సగటున వచ్చేది సున్నా. నాలుగుసార్లలో ఒకసారి 3 వస్తుంది, మూడుసార్లు ఒక్కొక్కటి పోతుంది. ఒక ఆప్షన్‌ను కచ్చితంగా కొట్టేయగలిగితే లెక్క కొంచెం మీవైపు తిరుగుతుంది. రెండింటిని కొట్టేయగలిగితే ధైర్యంగా పెట్టొచ్చు. ఆప్షన్లు లేకుండా జవాబు టైప్ చేసే ప్రశ్నలకు నెగెటివ్ మార్కులు లేవు. అనుమానమున్నా, చేతికొచ్చిన జవాబు టైప్ చేయండి.

ఐసెట్ రాసేవాళ్లకు సూత్రం వేరు. అక్కడ 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి 45 సెకన్లు. నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఒక్కటీ ఖాళీగా వదలకూడదు. క్యాట్‌కు అలవాటుపడిన చేతితో ఐసెట్‌లో ప్రశ్నలు వదిలేస్తే నష్టం మీకే. ఏ పరీక్ష రాస్తే ఆ పరీక్ష మాక్‌లే రాయాలి.

స్క్రీన్‌షాట్ల రోగం

మాక్ రాయగానే వాట్సాప్ గ్రూపులో స్క్రీన్‌షాట్లు మొదలవుతాయి. ఎవడికో 98 పర్సంటైల్. మీకు 80. ఆ రాత్రి నిద్ర ఉండదు. ఒకటి గుర్తుంచుకోండి. పర్సంటైల్ అంటే ఆ మాక్ రాసినవాళ్లలో మీ స్థానం. రాసేవాళ్లు మారితే అదీ మారుతుంది. పేపర్ కష్టంగా ఉంటే స్కోరు తగ్గుతుంది, అంతమాత్రాన మీరు వెనకబడినట్టు కాదు. అందుకే రెండే అంకెలు రాసుకోండి: ఎన్ని ప్రశ్నలు చేశాను, వాటిలో ఎన్ని ఒప్పు. పోల్చుకుంటే పోయిన నెలలోని మీతోనే పోల్చుకోండి.

‘కాలేజీ, ప్రాజెక్టు, ఉద్యోగం... ఇంత విశ్లేషణకు టైమ్ ఎక్కడిది?’ అంటారా? మాక్‌లు సగానికి తగ్గించండి. రెండు గంటలు రాస్తే నాలుగు గంటలు దాంతో కూర్చోవాలి. అంత కుదరనప్పుడు ఆ వారం కొత్త మాక్ రాయకండి. ఎక్కువ టెస్టులున్న ప్యాకేజీ కొన్నాం కాబట్టి అన్నీ రాసి తీరాలన్న రూలేం లేదు. అడ్మిట్ కార్డులో మీ స్లాట్ తెలిశాక మాత్రం సరిగ్గా అదే టైమ్‌కు మాక్ రాయండి. పొద్దున ఎనిమిదిన్నరకు పరీక్ష ఉన్నవాడు రాత్రి పదకొండుకు ప్రాక్టీస్ చేస్తే ఏం లాభం?

‘ఇన్ని చెబుతున్నావు, నీకు ఐఐఎం సీటు వచ్చిందా?’ అని అడగొచ్చు. రాలేదు. రెండో ఏడాది రాసింది 14 మాక్‌లే. 80ల్లో ఆగిపోయిన పర్సంటైల్ 95 దాటింది. ఇంటర్వ్యూ పిలుపులూ వచ్చాయి, అక్కడ పోయింది. ఆ బాధ ఉంది. కానీ మొదటి ఏడాది ఓడిపోయినప్పుడు ఎందుకు ఓడిపోయానో తెలియలేదు. రెండోసారి తెలుసు. ఆ తేడా తర్వాత ఉద్యోగంలోనూ నాకు పనికొచ్చింది. ఆ ఏడాది నాన్న ఫోన్ చేసినప్పుడు మాక్‌ల సంఖ్య చెప్పలేదు. ‘తప్పులు తగ్గుతున్నాయి నాన్నా’ అన్నాను. అబద్ధం కాదు కాబట్టి గొంతు తడబడలేదు.

ఈ ఆదివారం కొత్త మాక్ తెరవకండి. పోయిన వారం మూసేసినదాన్నే మళ్లీ తెరవండి. పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకోండి.