బాగానే వుంది గదా అని మందు మానకండి!

ఒక సోదరి యిలా వ్రాశారు: “మావారికి నలభై యేళ్లు. మూడేళ్ల క్రితం ఒక కన్ను మసకబారింది. తర్వాత కాళ్లు తిమ్మిరెక్కి తూలిపోయేవారు. డాక్టరుగారు మల్టిపుల్ స్క్లెరోసిస్ అని చెప్పి, ఫింగోలిమాడ్ అనే గొట్టం మాత్ర రోజుకొకటి వేసుకోమన్నారు. ఏడాదిగా జబ్బు తిరగబెట్టలేదు. మొన్న రక్తపరీక్షలో లింఫోసైట్లు బాగా తగ్గాయని వచ్చింది. మందు రక్తాన్ని తినేస్తోందని మావారు మానేస్తానంటున్నారు. ఏం చెయ్యమంటారు?”

అమ్మా, తొందరపడి మాననివ్వకండి. లింఫోసైట్లు తగ్గడం ఆ మందు పనిచేస్తున్నదనడానికి గుర్తు. ఎలాగో చెబుతాను.

కరెంటు తీగకు రబ్బరు తొడుగు వున్నట్టే మన నరాలకు మైలిన్ అనే పొర వుంటుంది. లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు మనకు కాపలాదార్లు. ఈ జబ్బులో ఆ కాపలాదార్లే మెదడు, వెన్నుపాములలోకి చొరబడి మైలిన్ పొరను పాడు చేస్తారు.

ఈ కణాలు లింఫు గ్రంథులలో విడిది చేస్తాయి. చంకలోనో గజ్జలోనో “బిళ్ల కట్టింది” అంటామే, అవే ఆ గ్రంథులు. అక్కడినుంచి బయటికి దారి చూపేది ఒక కొవ్వు తునక. కణాల పొరలోని కొవ్వుల నుంచి తయారయ్యే యిలాంటి తునకలను లైసోఫాస్ఫోలిపిడ్లు అంటారు. వీటిలో స్ఫింగోసిన్-1-ఫాస్ఫేట్ అనేది రక్తంలో ఎక్కువగా, గ్రంథుల లోపల తక్కువగా వుంటుంది. బెల్లం వాసన పట్టి చీమలు వెళ్లినట్టు, లింఫోసైట్లు దాన్ని పసిగట్టి రక్తంలోకి వస్తాయి. పసిగట్టడానికి వాటి పైన వుండే అమరికను గ్రాహకం అంటారు. ఈ తునకకు మన శరీరంలో 5 రకాల గ్రాహకాలున్నాయి. దారి చూపేది మొదటి రకం.

ఫింగోలిమాడ్ ఆ గ్రాహకాన్ని కణం లోపలికి ముడుచుకుపోయేట్టు చేస్తుంది. దారి తెలియని లింఫోసైట్లు గ్రంథులలోనే వుండిపోతాయి. రక్తంలో వాటి లెక్క సుమారు 70 శాతం దాకా తగ్గవచ్చు. అవి చాలావరకు చచ్చిపోలేదు, విడిదిలోనే వున్నాయి! అయితే లెక్క క్యూబిక్ మిల్లీమీటరుకు 200 కన్న దిగితే డాక్టరుగారు మళ్లీ పరీక్ష చేయించి, అవసరమైతే తామే మందు ఆపుతారు.

పురుగుల మీద పెరిగే ఒక బూజులోని పదార్థాన్ని మార్చి జపాన్ శాస్త్రజ్ఞులు 1990లలో ఈ మందును తయారుచేశారు. 2010లో అమెరికా దీనికి అనుమతి యిచ్చింది. ఈ జబ్బు తిరగబెట్టకుండా ఆపడానికి అక్కడ అనుమతి పొందిన మొదటి నోటిమందు యిదే.

ఇవే గ్రాహకాలు గుండెలోనూ, రక్తనాళాలలోనూ వున్నాయి. అందుచేత మొదటి మాత్ర వేసినరోజు నాడి మందగించవచ్చు. 6 గంటలు ఆస్పత్రిలో కూర్చోబెట్టి నాడి, బి.పి. చూసేది అందుకే. కొందరికి కంటి రెటీనాలో నీరు చేరుతుంది గనుక మూడు నాలుగు నెలలకు కంటిపరీక్ష తప్పదు. ఇంకా యివి గుర్తుంచుకోండి:

జ్వరం, విడవని దగ్గు వచ్చినా, ఆటలమ్మ సోకినవారి దగ్గర మసలినా వెంటనే డాక్టరుకు చెప్పాలి. చూపు మసకబారితే గడువు దాకా ఆగకూడదు. లివరు పరీక్షలు మానకూడదు. డాక్టరును అడగకుండా ఏ టీకా వేయించుకోకూడదు. ఈ మందు వాడే స్త్రీలు గర్భం కోరుకుంటే, డాక్టరుతో మాట్లాడి, కనీసం 2 నెలల ముందే మందు ఆపాలి.

ఇక అసలు ప్రమాదం వినండి. ఒక్కసారిగా మానేస్తే విడిదిలోని కణాలన్నీ వారాల్లో బయటికొస్తాయి. కొందరిలో జబ్బు మునుపటికన్న తీవ్రంగా తిరగబెట్టి, నడక పోయిన సందర్భాలున్నాయి. రెండు వారాలకు పైగా మాని మళ్లీ మొదలుపెట్టాలన్నా, తొలిరోజులాగే ఆస్పత్రిలో గమనించాలి.

కనుక అమ్మా, ఆ రక్తపరీక్ష కాగితం తీసుకుని మీవారిని డాక్టరుగారి దగ్గరకు వెంటబెట్టుకు వెళ్లండి. వెళ్లేరోజు కూడా మాత్ర తప్పనివ్వకండి.