గుంపులో గోవిందా అంటే సాగని నడక

ఎండలు తగ్గాయి. సిడ్నీ చుట్టుపక్కల బుష్‌వాకింగ్ క్లబ్బులకు ఇది అచ్చంగా నడకల కాలం. బ్లూ మౌంటెన్స్ లోయల్లోకో, రాయల్ నేషనల్ పార్కు తీరం వెంబడో పదిపన్నెండు మంది కలిసి వెళ్లే ఈ ఒక్కరోజు నడకల్లో మన తెలుగువాళ్లు కూడా చేరడం సంతోషించవలసిన విషయం. వచ్చి స్థిరపడిన నేలతో కాలినడకన చేసుకునే పరిచయం కంటే మంచి పరిచయం లేదు. అయితే ఈ సందర్భంలో ఒక మాట గట్టిగానే చెప్పాలి. "పదిమందితో పోతున్నాం, దారి తెలిసిన లీడరు ఉన్నారు, వెంట నడిస్తే చాలు" అనే ధీమా మనలో కనబడుతోంది. గుంపులో గోవిందా అన్నట్టు. జాగ్రత్తలన్నీ ఒంటరిగా వెళ్లేవాడికే గానీ గుంపులో ఉన్నవాడికి అక్కర్లేదన్నమాట. ఇది తలకిందుల లెక్క. ఒంటరివాడి ఏమరుపాటు ముందుగా అతన్నే బాధిస్తుంది. గుంపులో ఒకరి ఏమరుపాటును పదిమందీ మోయాలి.

క్లబ్బు నడక ఎలా సాగుతుందో చూస్తే ఇది తెలుస్తుంది. లీడరు జీతం తీసుకునే గైడు కాదు. మనలాగే చందా కట్టిన సభ్యుడు, తన సెలవు రోజును మనకోసం ఇచ్చిన మనిషి. ముందు లీడరు, చిట్టచివర అనుభవమున్న మరొకరు, దారి చీలిన చోటల్లా వెనకవాళ్లు వచ్చేదాకా అందరూ ఆగడం, ఇదీ పద్ధతి. అంటే అందరికంటే నెమ్మదిగా నడిచేవారి వేగమే గుంపు వేగం. పాత బూటు అడుగు ఊడినా, కొత్త బూటు కరిచి మడమ మీద బొబ్బ లేచినా ఆగేది ఒక్కరు కాదు. జూన్‌లో సిడ్నీలో సాయంత్రం ఐదు కాకముందే పొద్దు గూకుతుంది. లోతైన లోయలో వెలుతురు ఇంకా ముందే పోతుంది. మధ్యాహ్నం పోగొట్టుకున్న ముప్పావుగంట సాయంత్రం చీకట్లో మెట్లెక్కడమై తిరిగొస్తుంది. నలుగురికి తక్కువైతే అడవిలోకి వెళ్లొద్దని ఇక్కడ నడిచేవాళ్లలో ఒక పాత నియమం ఉంది. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు తోడుండాలి, ఇద్దరు కలిసి సాయం కోసం వెళ్లాలి. ఆ తోడున్న మనిషి దగ్గర నీళ్లు, వెచ్చని బట్ట, టార్చి ఉంటేనే, వెళ్లిన ఇద్దరికీ మ్యాపు చదవడం వస్తేనే ఈ లెక్క నిలుస్తుంది. ఖాళీ సంచితో వచ్చినవారు ఆ నలుగురి లెక్కలోకి రారు, పైగా లెక్కను చెడగొడతారు.

నడక మనకేమన్నా కొత్తా అని అడిగేవాళ్లున్నారు. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి కొండకు చేరిన కాళ్లు మనవి, చెప్పులు లేకుండా పొలం గట్ల మీద తిరిగిన పెద్దల బిడ్డలం. ఆ మాట నిజమే. కానీ తిరుమల దారిలో పైన నీడ ఉంటుంది, తాగే నీళ్లుంటాయి, రాత్రిపూట దీపాలుంటాయి, కూలబడితే చేయందించే భక్తజనం ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, అక్కడ ఒంట్లో సత్తువ నిండా ఉన్నప్పుడే ఎక్కుతాం. బ్లూ మౌంటెన్స్‌లో వరస తిరగబడుతుంది. ఊళ్లు పైన ఉంటాయి, నడక కింద లోయలో ఉంటుంది. ఉదయం హాయిగా దిగిపోతాం. కటూంబా దగ్గర జెయింట్ స్టెయిర్‌వేకే 900కు పైగా మెట్లున్నాయి. దిగేటప్పుడు మోకాళ్లు అరుగుతాయి, నీళ్లు తరుగుతాయి. ఎక్కుడంతా అలిసిపోయాక, రోజు చివర వస్తుంది. అందుకే నడక వివరాల్లో కిలోమీటర్ల అంకె ఒక్కటే చూసి పేరివ్వకూడదు. ఎంత దిగి ఎంత ఎక్కాలో, ఏ గ్రేడో చూడాలి. ఆస్ట్రేలియాలో కాలిబాటలకు 1 నుంచి 5 దాకా గ్రేడ్లున్నాయి, క్లబ్బులు తమ సొంత కొలతలు కూడా వాడతాయి. చదునైన పార్కులో రోజూ చేసే షికారు గ్రేడ్ 4 బాటకు సాధన కాదు. నెల రోజుల ముందునుంచి వారానికి రెండు మూడుసార్లు, నీళ్ల సీసాలు నింపిన సంచి వీపున వేసుకుని మెట్లు ఎక్కిదిగితే అది సాధన.

చేతిలో ఫోనుంది కదా అనేది ఇంకో వాదన. 2006 డిసెంబరులో బ్లూ మౌంటెన్స్‌లోని మౌంట్ సాలిటరీ దగ్గర ఒక 17 ఏళ్ల విద్యార్థి నీళ్లు అయిపోయి, ఇద్దరు మిత్రుల నుంచి విడిపోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. అత్యవసర నంబరు 000కు అతను పలుమార్లు ఫోన్ చేయగలిగాడు. అడవిలో ఉన్న పిల్లవాణ్ని అవతలి నుంచి వీధి పేరు అడిగారు. అది ఒక్కరోజు నడక కాదు, నిజమే. కానీ నీళ్లు లేకుండా సొమ్మసిల్లడానికి ఒక్క ఎండపూట చాలు. ఆ తర్వాత పరిస్థితి మెరుగుపడింది. మనమున్న చోటు అక్షాంశ రేఖాంశాలు చూపించే ఎమర్జెన్సీ ప్లస్ యాప్ వచ్చింది. ఉపగ్రహాలకు సంకేతం పంపే లొకేటర్ బీకన్‌ను బ్లూ మౌంటెన్స్‌లో నేషనల్ పార్క్స్ శాఖ, పోలీసులు ఉచితంగా అరువిస్తారు. అయినా లోయలో చాలాచోట్ల సిగ్నల్ అందదు, బ్యాటరీ నిలవదు. సాయం కబురు అందుకుని మనిషి వచ్చేదాకా బతికించేది సంచిలో ఉన్న నీళ్లే. చల్లటి రోజున మనిషికి రెండు లీటర్లు, ఎండైతే మూడు. మూడు లీటర్లంటే మూడు కిలోల బరువు. ఆ బరువును ఇంటి దగ్గర తప్పించుకున్నవారు దారిలో ఇంకొకరి సీసాలో వాటా అడుగుతారు.

మనవాళ్లకు పాము భయం ఎక్కువ, దానికి కారణమూ ఉంది. 2000 నుంచి 2019 దాకా భారతదేశంలో పాముకాటుకు ఏటా సగటున 58,000 మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆస్ట్రేలియాలో పాములకు విషం ఎక్కువైనా మరణాలు ఏడాదికి సగటున రెండు మూడే. విరుగుడు మందు అందుబాటులో ఉండటం ఒక కారణం, ప్రథమచికిత్స జనానికి తెలిసి ఉండటం మరొకటి. ఇక్కడి పద్ధతి వేరు. తాడుతో బిగించి కట్టకూడదు, కోయకూడదు, కడగకూడదు. కాలికి కాటు పడితే, సాగే గుణమున్న వెడల్పాటి బ్యాండేజీని ముందు కాటు మీద చుట్టాలి. రెండోదాన్ని కాలివేళ్ల దగ్గర మొదలుపెట్టి, చీలమండ బెణికితే కట్టేంత బిగువుతో తొడ పైదాకా చుట్టుకుపోవాలి. తర్వాత పుల్లలు దన్నుగా పెట్టి కాలు కదలకుండా కట్టి, మనిషిని అడుగు వేయనివ్వకూడదు. ఒక్క కాలికే రెండు మూడు బ్యాండేజీలు పడతాయి. ఒక్కొక్కరి సంచిలో ఒక్కొక్కటి ఉంటేనే ఆ లెక్క సరిపోతుంది. గుంపు బలమంటే ఇది.

ఇదంతా కొనాలంటే ఖర్చు కదా అనే మాటకు బదులు తేలిక. ఒక్కరోజు నడకకు ఖరీదైన గుడారాలూ చేతికర్రలూ అక్కర్లేదు. పట్టున్న బూట్లు, వాన జాకెట్టు, తలకు తగిలించుకునే టార్చి, ఈల, బ్యాండేజీలు ఉండాలి. జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు, చలిలో ఒంటి వేడిని లాగేస్తుంది. తిండికి మన పులిహోరను మించినది లేదు. చింతపండు, నూనె, ఉప్పు ఉన్న అన్నం పొద్దున కలిపితే సాయంత్రం దాకా చెడదు, చెమటలో పోయిన ఉప్పును కొంత తిరిగిస్తుంది. పెరుగన్నం చలిరోజులకు దాచుకోవాలి.

పేరివ్వగానే ఆరోగ్యం, అనుభవం గురించి ఇన్ని ప్రశ్నలడిగే క్లబ్బులు మనల్ని దూరం పెడుతున్నాయని నొచ్చుకునేవారికి ఒక పాత సంగతి చెప్పాలి. 1931లో బ్లూ మౌంటెన్స్‌లోని గ్రోస్ లోయలో ఉన్న బ్లూ గమ్ చెట్లను కౌలుదారు కొట్టించబోతున్నాడని తెలిసి, ఆర్థికమాంద్యం నడుస్తున్న రోజుల్లో కూడా బుష్‌వాకర్లు 130 పౌండ్లు సమకూర్చి ఆ అడవిని విడిపించారు. ఇప్పుడు మనం నీడన కూర్చుని అన్నం తినే చెట్లు అవి. ఆ పరంపరలోని లీడరు మీ ఆరోగ్యం గురించి అడిగితే అది పరాయితనం కాదు. దాచుకోవడం మన అలవాటు. చక్కెర వ్యాధి, రక్తపోటు, ఉబ్బసం ఉన్నాయని చెబితే తీసుకెళ్లరేమోనని నోరు మెదపం. దారిలో చక్కెర పడిపోయి చెమటలు పట్టినప్పుడు పక్కవారికి కారణం తెలియకపోతే వాళ్లు చేయగలిగింది చాలా తక్కువ.

కాబట్టి సభ్యులందరికీ మా మనవి. నడకకు పేరిచ్చే ముందు, ముందురోజు రాత్రి కాదు, వారం ముందే లీడరుకు ఫోన్ చేయండి. ఇంతవరకూ ఎంత దూరం నడిచారో, ఎంత ఎక్కారో ఉన్నదున్నట్టు చెప్పండి. మందు సంచిలో ఏ జేబులో ఉందో బయలుదేరేచోట పక్కవారికి చూపించండి. ఈ నడక మీకు ఎక్కువని లీడరు అంటే నొచ్చుకోకండి, క్లబ్బు నడకల జాబితాలో తేలికైనదాన్ని వెతికి దానికి పేరివ్వండి.