పటము గోడకు, పాఠము గాలికి

నీరు పల్లమెరుగునందురు. ఆ పల్లమేదో మనమెరుగవలదా? 2024 సెప్టెంబరు తొలిదినములలో ప్రకాశం బ్యారేజికి 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చినది. బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడి, విజయవాడలో అజిత్‌సింగ్‌నగర్ మొదలగు పేటలు నీట మునిగినవి. తమ వీథి ఎంత పల్లమో, బుడమేరు ఏ త్రోవను కొల్లేటికి పోవునో పటముపై గుర్తింపగలవారు ఆ పేటలలో ఎందరుండిరి?

కొల్లేటి కథ చూడుడు. 1999లో +5 అడుగుల కాంటూరు వరకు దానిని అభయారణ్యముగా ప్రకటించిరి. 2006లో ఆ గీత లోపలి చేపలచెరువుల గట్లను తెగగొట్టిరి. 2008లో ఆ గీతను +3కు కుదింపవలెనని శాసనసభ తీర్మానించెను. కాంటూరనగా సముద్రమట్టమునుండి ఒకే ఎత్తున నుండు తావులను కలుపు గీత మాత్రమే. వేల కుటుంబముల కూడు ఆ గీతపై నాధారపడియుండగా, బడిలో అది పరీక్షకు వల్లించు నిర్వచనమై నిలిచినది.

కుంఫిణీ దొరలు 1802లో చెన్నపట్టణమున గొలుసు పట్టి దేశమును కొలువనారంభించిరి. నాడు పటము పాలకుల యాయుధము. స్వరాజ్యము వచ్చిన పిదపను చిరకాలము కచ్చేరీ రహస్యముగానే యుండెను. 2021 ఫిబ్రవరి 15న కేంద్రప్రభుత్వము ఆ కట్టుబాట్లను చాలవరకు సడలించెను. ఇస్రోవారి ‘భువన్’ 2009 నుండియే తెరచియున్నది. అందు విద్యార్థులకై ‘స్కూల్ భువన్’ అను విభాగమును కలదు. పటములు గీయుటకు క్యూజీఐఎస్ అను సాధనము ఉచితముగా దొరకును. 2022 డిసెంబరులో మన ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతివారికి ట్యాబులు పంచిరి. మరుసటియేడు తరగతిగోడలకు పెద్ద తెరలు బిగించిరి. పనిముట్లన్నియు వచ్చినవి. పనివాని చేతికి నేర్పు వచ్చెనా?

డెహరాడూను నుండి ఐఐఆర్‌ఎస్ దూరవిద్యాపాఠములు చెప్పుచున్నదందురు. మంచిదే. కాని దూరపు పాఠము విన్న పంతులు రైవస్ కాలువగట్టుపై పిల్లలను నడిపింపలేడు. ఆ నడక ఎవరో దగ్గరనుండి నేర్పవలెను.

ఉపాధ్యాయునకు తీరిక లేదని మరికొందరందురు. నిజమే! హాజరు, భోజనము మొదలగు వివరముల నమోదు అతని చేతి ఫోనును నింపినది. అతనిని గుమాస్తాగా వాడుకొని తీరిక లేదనుట ఎంతటి న్యాయము? ఆ భారము దింపుడు. ఆ ఫోనుతోనే భూగోళము చెప్పగలడు.

మేము కోరునది స్వల్పము. 2020 జాతీయ విద్యావిధానము ప్రతి ఉపాధ్యాయునకు ఏటా 50 గంటల శిక్షణ ఉండవలెనన్నది. అందు పది గంటలు పటవిద్యకు కేటాయింపుడు. అంగలూరు డైట్‌లో సాంఘికశాస్త్ర పంతుళ్లను చిన్న జట్లుగా కూర్చి, తెలుగున నేర్పుడు. ఉపన్యాసము తగ్గించి, కాలువగట్లపై నడిపింపుడు. శిక్షణ ముగిసిన యేడే ప్రతి బడియు తన ఊరి పటము గీయవలెను: కాలువలు, మురుగుకాలువలు, మెరకతావులు, వరద నిలిచిన గుర్తులు, తుపాను ఆశ్రయములు. ఆ పటమును పంచాయతీ కార్యాలయమున అందరికి కనబడునట్లు వ్రేలాడగట్టవలెను.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టినది. నాడు ఆకాశమునుండి చూచు కన్ను మనకు లేదు. నేడు కలదు. ఆ కంటికి కనబడినది మన బిడ్డలకు చదువ నేర్పుటకు తెర కొన్నవారే గురువును సిద్ధపరుపవలెను. పంతులు చేతికి రాని పటము గోడకు బరువే.