రొమ్ము పరీక్ష ఊరికి రావాలి

చంకల్లో రాసుకునే రోల్ఆన్ వల్ల రొమ్ము క్యాన్సర్ వస్తుందన్న ప్రచారం ఇంటర్నెట్ తొలి రోజుల నుంచీ ఉంది. వాట్సాప్ వచ్చాక తెలుగులోకీ దిగింది. రోల్ఆన్‌లోని అల్యూమినియం చెమటను ఆపేస్తుందని, బయటికి పోవాల్సిన విషాలు లోపలే నిలిచి గడ్డ కడతాయని దాని సారాంశం. ఇందులో మొదటి సగం నిజం. అల్యూమినియం లవణాలు చెమటలో జిగురుగా మారి నాళాల మూతిని కాసేపు మూస్తాయి. రెండో సగం మాత్రం అబద్ధం. ఒంట్లోని విషాలను వడకట్టేవి కాలేయం, మూత్రపిండాలు. చంకలోని లింఫు గ్రంథులు చెమట ద్వారా దేన్నీ బయటికి పంపవు.

అలాగని శాస్త్రవేత్తల సందేహాలను కొట్టిపారేయలేం. అల్యూమినియం ఈస్ట్రోజెన్ హార్మోనులా ప్రవర్తించవచ్చని ఇంగ్లండ్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫిలిప్పా డార్బ్రే ఏళ్ల తరబడి వాదించారు. రొమ్ము కణాలను అల్యూమినియం క్లోరైడ్‌లో ఉంచితే అవి అదుపు తప్పి పెరుగుతున్నాయని 2012లో జెనీవా పరిశోధకులు చూపారు. కానీ ప్రయోగశాలలో కణాలకు జరిగిందే మనిషి ఒంట్లోనూ జరుగుతుందని చెప్పలేం. అమెరికాలోని సియాటిల్‌లో 813 మంది రోగులను, జబ్బులేని 793 మందిని పోల్చి 2002లో ప్రచురించిన అధ్యయనంలో ఏ సంబంధమూ తేలలేదు. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో 209 మంది రోగులను అంతేమంది ఇతరులతో పోల్చి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ముప్పై ఏళ్లలోపే రోజుకు పలుమార్లు వాడామన్నవారిలో ముప్పు ఎక్కువగా కనిపించింది. అయితే అది రోగుల జ్ఞాపకం మీద ఆధారపడిన లెక్క. జబ్బు వచ్చినవారు కారణం కోసం గతాన్ని ఎక్కువగా తవ్వుకుంటారు కదా! చర్మం గుండా ఒంట్లోకి చేరే అల్యూమినియం అత్యల్పమని తేలాక, 2020లో యూరప్ వినియోగదారుల భద్రతా శాస్త్ర కమిటీ రోల్ఆన్‌లలో 6.25 శాతం, స్ప్రేల్లో 10.6 శాతం వరకు సురక్షితమేనంది.

అందువల్ల రోల్ఆన్ రొమ్ము క్యాన్సర్ తెస్తుందని చెప్పడానికి నేడు గట్టి ఆధారం లేదు. ఇష్టంలేనివారు మానేయవచ్చు, నష్టమేమీ లేదు. మామోగ్రామ్‌కు వెళ్లే రోజు మాత్రం అందరూ మానాలి. చర్మం మీది అల్యూమినియం రేణువులు ఎక్స్‌రేలో తెల్లటి చుక్కలుగా పడి, క్యాన్సర్‌కు ముందు కనిపించే సున్నపు చుక్కల్లా భ్రమింపజేస్తాయి.

నిజానికి మన ఒంట్లోకి అల్యూమినియం ఎక్కువగా చేరేది వంటింటి నుంచే. చింతపండు పులుసు మరిగిన సత్తు గిన్నె లోపల తోమినట్టు తెల్లగా తేలుతుంది. ఆ పోయిన పొర పులుసులోకే దిగింది. పుల్లటివి స్టీలు గిన్నెలోనో మట్టి పాత్రలోనో వండుకోవడం మంచిదే, ముఖ్యంగా మూత్రపిండాల జబ్బున్న ఇళ్లలో. దానికీ రొమ్ము క్యాన్సర్‌కూ మాత్రం ముడిపెట్టొద్దు.

మా బాధ వేరే ఉంది. దేశంలో 2022లో సుమారు 1.92 లక్షల మంది మహిళలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చిందని, 98 వేల మందికి పైగా మరణించారని అంతర్జాతీయ అంచనా. ఇక్కడ చాలామంది ఆసుపత్రి మెట్లెక్కేసరికే జబ్బు ముదిరిపోతోంది. తొలి గడ్డ సాధారణంగా నొప్పి పెట్టదు. నొప్పి లేదు గనుక భర్తకు చెప్పరు, సిగ్గుతో డాక్టరుకు చూపరు. 30 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఒక్కసారైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు 0.9 శాతమేనని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. వందకు ఒకరు కూడా లేరు! 30 నుంచి 65 ఏళ్ల ప్రతి మహిళకూ అయిదేళ్లకోసారి ఈ పరీక్ష చేయాలని కేంద్రం 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కాగితం ఎన్ని ఆరోగ్య ఉపకేంద్రాల గడప దాటింది?

ఈ పరీక్షకు ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. ముంబయి పేదవాడల్లో లక్షన్నర మందికి పైగా మహిళలతో టాటా మెమోరియల్ ఆసుపత్రి ఇరవై ఏళ్లు నడిపిన అధ్యయనం 2021లో వెలువడింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో తడిమి చూశారు. ముదిరిన దశలో బయటపడ్డ కేసులు ఈ పరీక్ష చేయనివారిలో 47 శాతం ఉంటే, చేసినవారిలో 37 శాతమే. యాభై దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్నవయసు వారిలో మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయినా చేతివేళ్లతో ఇన్ని ప్రాణాలు నిలబడుతుంటే, మన ప్రభుత్వాలు ఇంకా దేనికోసం ఆగుతున్నట్టు?

డియో డబ్బా మీద అల్యూమినియం ఎంత శాతమో ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించాలి. కొనేవారికి ఆ హక్కుంది. రెండు తెలుగు రాష్ట్రాలూ అంతకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ప్రతి ఏఎన్ఎంకూ రొమ్ము పరీక్షలో చేతిశిక్షణ ఇవ్వాలి. ఉపకేంద్రంలో తలుపు వేసుకోగల గది ఒకటి ఉండాలి. గడ్డ తగిలిందని చీటీ రాసి చేతులు దులుపుకుంటే కుదరదు. స్కానింగు, ముక్క పరీక్ష ముగిసి జబ్బేమిటో తేలడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గడువు 60 రోజులు. ఆ గడువు దాటిన ప్రతి మహిళ విషయంలో జిల్లా వైద్యాధికారి జవాబు చెప్పాలి. ఆ లెక్కను రెండు ప్రభుత్వాలూ నెలనెలా జిల్లాలవారీగా ప్రజల ముందు పెట్టాలి.