పేరు చూసి పక్కన పెట్టే బల్ల

చదువు ఒకటే, అర్హత ఒకటే. పేరు మాత్రమే వేరు. ప్రైవేటు కంపెనీలకు ఇలాంటి దరఖాస్తులు పంపి సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. అగ్రవర్ణ హిందువుల పేర్లతో పోలిస్తే ముస్లిం పేర్లకు పిలుపు వచ్చే అవకాశం దాదాపు మూడో వంతే!

ఆ వడపోత సాగేది మానవ వనరుల విభాగంలో. బిడ్డలను ఇంజనీరింగుకు పంపే మనం, ఐసెట్ రాసి మానవ వనరుల ఎంబీఏ చదవమని ఎందరికి చెబుతున్నాం? బీసీ-ఇ వారికి 4 శాతం రిజర్వేషన్ అక్కడా ఉంది. ఆ కుర్చీ కోరేది మనవారికి మేలు చేసుకోవడానికి కాదు. ఎవరి అర్హతనూ పేరు మింగకుండా చూడడానికి.

అయితే కుర్చీ ఒక్కటే చాలదు. సచార్ కమిటీ 2006లో సూచించిన సమాన అవకాశాల కమిషన్ ఏది? చదువును మనం సాధిద్దాం. చట్టాన్ని ప్రభుత్వం నుంచి రాబడదాం.